ఆమె చేతులు జోడించిన చోట ఆగు

నాయనా,

నీ కథ అంది పది రోజులైంది. మొదటిసారి చదివి చిరాకుతో పక్కన పెట్టేశాను. మళ్లీ చేతిలోకి తీసుకున్నానంటే మూడో పేజీ అడుగున ఉన్న ఒక్క వాక్యం కోసమే. 'అమ్మ కొంగుముడి విప్పి, రెండు వేలు బల్ల మీద పెట్టి, చేతులు జోడించింది' అని రాశావు. పేజీ తిప్పితే ఆమె కొడుకు, నీ కథానాయకుడు, పళ్లు పటపట కొరుకుతూ ఆఫీసు మెట్లు దిగుతున్నాడు. ఇక ఆరు పేజీలూ వాడి వెంటే పరుగు. ఏసీబీకి ఫోను, జీపు, వల, పేపర్లో ఫొటో, ఊళ్లో టపాకాయలు. మ్యుటేషన్ కోసం, అంటే రికార్డుల్లో పేరు మార్పించుకోవడానికి, చెప్పులరిగేలా తిరిగిన ఆ తల్లి మాత్రం బల్ల ముందే నిలబడిపోయింది. కథ అయిపోయేదాకా నువ్వు ఒక్కసారి కూడా ఆమె వైపు తిరిగి చూడలేదు.

డబ్బు గుంజుకున్నవాడికి ఆమె దండం ఎందుకు పెట్టింది? నీకు తెలిసే రాశావా, చెయ్యి వాటంగా పడిపోయిందా? పడిపోయినా సరే, అది నిజమైన వాక్యం. నీకు వాక్యం వచ్చు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు తప్పులు చెప్పేస్తాను. నోట్లు ముట్టుకోగానే అధికారి వేళ్లు ఎర్రబడ్డాయని రాశావు. అట్లా జరగదు. ముందుగా ఎవరో ఒకరు వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నోట్ల నంబర్లు రాసుకుంటారు. వాటికి ఫినాఫ్తలీన్ అనే తెల్లటి పొడి పూస్తారు, అది కంటికి ఆనదు. డబ్బు తీసుకున్నాక ఆ మనిషి వేళ్లను సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లలో ముంచితే ఆ నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. పక్కన మధ్యవర్తులుగా ఇద్దరు వేరే ఆఫీసుల ఉద్యోగులు నిలబడి అంతా చూస్తారు, పంచనామా మీద సంతకాలు పెడతారు. ఇంత తతంగం ఉంది. ఇది తెలుసుకోకుండా ఆరు పేజీలు ఎట్లా రాశావు?

ఇంకో సంగతి ఇంతకన్నా పెద్దది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. అప్పటి నుంచి లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయాలి. నీ కథలో కొడుకు ఫోను చేసింది పదిహేను రోజుల తర్వాత. అంటే నువ్వు టపాకాయలు కాల్పిస్తున్న ఆ రోజుకి, నీ కథలోని అమ్మ కూడా చట్టం కళ్లకు నేరస్తురాలే. కొంగుముడి విప్పిన ఆ ముసలితల్లి! దీని మీద ఒక్క మాట కూడా రాయకుండా 'ప్రజలు గెలిచారు' అని ముగించావు.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెబుతాను.

మా నాన్న ఎలిమెంటరీ స్కూలు పంతులు. ఉద్యోగంలో ఉండగానే 1986లో పోయారు. నాకప్పటికి టీచరు ఉద్యోగం వచ్చి ఏడాది. అమ్మకు రావలసిన ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఎనిమిది నెలలు ఆ టేబులు నుంచి ఈ టేబులుకి తిరిగాయి. ఆఖరికి ఒక గుమాస్తా మూడు వందలు అడిగాడు. అమ్మ కమ్మలు కుదువపెట్టి తెచ్చిచ్చింది. పదిహేను రోజుల్లో పని అయిపోయింది. మొదటి పెన్షను చేతికొచ్చిన రోజు అమ్మ ఏం చేసిందో తెలుసా? ఒక అత్తం అరటిపళ్లు, ఒక కొబ్బరికాయ సంచిలో పెట్టుకుని ఆ గుమాస్తా ఇంటికి బయల్దేరింది. నాకు ఒళ్లు మండిపోయింది. మన డబ్బు మనకివ్వడానికి మూడొందలు తిన్నవాడికి మళ్లీ అరటిపళ్లా అని అరిచాను.

'అట్ల అనొద్దు అమ్మీ,' అంది. 'ఆయప్ప తీసుకున్నాడు, పని చేసిచ్చినాడు. తీసుకోని గూడా తిప్పుకునేటోళ్లు ఎంతమంది లేరు? ఆయప్ప లేకుంటే మన గతి ఏమయ్యేది?'

కొన్నేళ్లకు ఆ గుమాస్తా చనిపోయాడని తెలిసినప్పుడు, అయినవాళ్లు పోయినట్టు కంటనీరు పెట్టుకుంది.

1988లో ఇది కథగా రాశాను. అరటిపళ్లతో అమ్మ ఆ ఇంటి గడపెక్కడం, గుమాస్తా భార్య చాప పరిచి కాఫీ ఇవ్వడం, ఇద్దరాడవాళ్లూ పిల్లల చదువుల గురించి మాట్లాడుకోవడం, అదీ ముగింపు. ఒక వారపత్రికకు పంపాను. అచ్చయి వచ్చాక చూస్తే అరటిపళ్లు లేవు. గుమాస్తా చేతికి బేడీలున్నాయి. ఆ సంపాదకుడు నన్నడగకుండా చివరి పేజీ కొట్టేసి, తనే నాలుగు వాక్యాలు రాసుకున్నాడు. నేను నిలదీస్తూ ఉత్తరం రాస్తే కార్డు ముక్క మీద జవాబిచ్చాడు: పాఠకుడికి తృప్తి కావాలమ్మా, మీ ముగింపులో కొసమెరుపు లేదు, పైగా లంచగొండిని వెనకేసుకొచ్చినట్టుంది అని. ఆ కథకు నలభై దాకా మెచ్చుకోలు ఉత్తరాలొచ్చాయి. అన్నింటిలోనూ ఒకటే మాట, 'వాడికి బాగా బుద్ధి చెప్పారు' అని. ఇంట్లో అమ్మకు చదివి వినిపించాను. 'ఆయప్పను ఎందుకు పట్టించినావే' అని ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఇంకొక సంపాదకుడైతే, ఆఫీసుల సంగతులు మగవాళ్లు రాస్తున్నారు కదా, మీరు అత్తాకోడళ్ల మీద ఏదైనా పంపండి అని రాశాడు. ఆ కార్డు చాలా ఏళ్లు దాచుకున్నాను. ఆఫీసు బల్ల ముందు కొంగుముడి విప్పేది ఎవరో ఆయనకు తెలియదు.

నీ కథ చదువుతుంటే ఆ బేడీలే గుర్తొచ్చాయి. నా కథకు ఆ రోజు ఒకడు బలవంతంగా చేసిన పని, నువ్వు ఈ రోజు ఎవరూ అడగకుండానే చేశావు.

నా మాట ఒక్కటే. నలభై ఏళ్లుగా దీన్నే పట్టుకుని ఉన్నాను. మన జనానికి లంచం మీద కోపం ఉందని నువ్వు నమ్మి కథ రాశావు. నాకు ఆ కోపం ఎక్కడా కనిపించలేదు. రేటు ఎక్కువైతే కోపం. తీసుకుని పని చేయకపోతే కోపం. పక్కవాడి దగ్గర తక్కువ తీసుకుని మన దగ్గర ఎక్కువ గుంజితే కోపం. తీసుకున్న పని చేసిపెట్టినవాడి మీద ఉన్నది కృతజ్ఞత. 'తీసుకుంటే తీసుకున్నాడు, మంచోడు, పని చేస్తాడు.' ఈ మాట నువ్వు వినలేదా? ఆఫీసు గుమాస్తా గురించి అన్న నోటితోనే ఎమ్మెల్యే గురించీ అంటారు, 'తింటే తిన్నాడు, ఊరికి రోడ్డేశాడు' అని. ఇది మన ఒక్కరి జబ్బు కూడా కాదు. బ్రెజిల్‌లో సావో పాలో రాష్ట్రానికి గవర్నరుగా చేసిన అధేమార్ డి బరోస్ అనే నాయకుడి పేరు చెప్పగానే అక్కడి జనం 'దోచుకుంటాడు, కానీ చేస్తాడు' అనేవారు. ఆ మాట వాళ్ల భాషలో సామెతై కూర్చుంది.

మన భాషలో ఏముందో చూడు. 'మామూలు' అంటాం. రోజూ ఉండేదాన్నీ ఆ మాటతోనే అంటాం, కానిస్టేబులుకు ఇచ్చేదాన్నీ ఆ మాటతోనే అంటాం. పెళ్లిచూపుల్లో పిల్లవాడి జీతం ఎంత అని ఒకరు అడిగితే, గీతం ఎంత అని ఇంకొకరు గొంతు తగ్గించి అడుగుతారు, అడిగినందుకు ఎవరూ సిగ్గుపడరు. తీసుకోనివాడికి 'బతకనేర్వనివాడు' అని పేరు పెడతారు. ఇక 'ముడుపు'. పసుపు గుడ్డలో రూపాయి కట్టి వెంకన్నకు మొక్కుకునేది ముడుపు. పేపరు తీస్తే 'కాంట్రాక్టరు నుంచి ముడుపులు' అని ఉంటుంది. దేవుడి ముందు పెట్టే మాటను తెచ్చి బల్ల ముందు పెట్టుకున్నాం. నీ కథలో అమ్మ కొంగుముడి విప్పి చేతులు జోడించడంలో ఇదంతా ఉంది నాయనా. ఆమెకు అది లంచం కాదు, మొక్కు. ఆమె దృష్టిలో ప్రభుత్వం అన్నది హక్కు ఇచ్చే చోటు కాదు, వరమిచ్చే చోటు. ఆ చేతులు ఎందుకు కలిశాయో విప్పి చెబితే కథ అక్కడే ఉంది.

1964లోనే, అవినీతి నివారణ మీద కేంద్రం వేసిన సంతానం కమిటీ తన నివేదికలో 'స్పీడ్ మనీ' అని రాసింది, ఫైలు త్వరగా కదలడానికి ఇచ్చే డబ్బు అని. మా అమ్మ ఆ మాట వినలేదు. 'బండి ఇరుసుకు చమురు' అనేది.

ఏసీబీ వలలో పడ్డ కేసులు కోర్టులో ఎందుకు వీగిపోతాయో ఎప్పుడైనా వాకబు చేశావా? చాలాచోట్ల ఫిర్యాది ఎదురు తిరుగుతాడు. భయం వల్ల కొందరు, డబ్బుకు కొందరు. కొందరు మాత్రం జాలితో తిరుగుతారు, 'పోనీలే, పిల్లలు గలోడు' అని. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఫిర్యాది ఎదురు తిరిగినా, చనిపోయినా, మిగతా ఆధారాలతో లంచం కేసు రుజువు చేయవచ్చు అని తేల్చింది. కోర్టు గదిలో నిలబడి 'ఈయన నన్నేమీ అడగలేదు' అని చెప్పే ఆ మనిషి మొహం రాసినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు.

నీ ఉత్తరంలో ఒక మాట నన్ను బాగా నొప్పించింది. 'మనలాంటి చదువుకున్నవాళ్లం లంచాలు ఇవ్వం కాబట్టి పోరాడగలం' అన్నావు. నేనూ అలాగే అనుకునేదాన్ని. 1997లో నాకు ఇంటికి తొంభై కిలోమీటర్ల దూరంలో పోస్టింగు. పిల్లలు చిన్నవాళ్లు. మా మరిదికి ఎమ్మెల్యే దగ్గర తిరిగే ఒక మనిషి తెలుసు. ఒక్క ఫోను. వారంలో మా ఊరికి బదిలీ వచ్చేసింది. ఒక్క పైసా ఇవ్వకుండా తెచ్చుకున్నానని బంధువుల్లో చెప్పుకుని తిరిగాను. ఆ బదిలీల జాబితాలో నాకన్నా పైన ఇంకొక ఆవిడ ఉంది. ఆమెకు ఆ ఊరు రావలసింది. రాలేదు. ఇంకో నాలుగేళ్లు రోజూ రెండు బస్సులు మారి వెళ్లింది. ఒకసారి జోనల్ మీటింగులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆమె నాకు తన డబ్బాలోంచి పులిహోర పెట్టింది. ఆమెకు తెలుసో తెలియదో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ కథ నేనింకా రాయలేదు.

2020లో ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ వాళ్లు ఆసియాలోని 17 దేశాల్లో జనాన్ని అడిగి ఒక సర్వే వేశారు. మన దేశంలో ప్రభుత్వ సేవలు వాడుకున్నవాళ్లలో నూటికి 39 మంది లంచం ఇచ్చామన్నారు. 46 మంది తెలిసినవాళ్ల పలుకుబడి వాడుకున్నామన్నారు. రెంటిలోనూ మనదే పైచేయి. నేను చూసింది ఆ రెండో అంకె. సిఫార్సు లంచాన్ని దాటేసింది. దాన్ని ఏ ఏసీబీ పట్టదు, దానికి ఏ నీళ్లూ గులాబీ రంగుకు తిరగవు. తెలిసినవాళ్లు ఉన్నవాడు ఫోను చేస్తాడు, లేనివాడు కొంగుముడి విప్పుతాడు. నీ కథానాయకుడు ఏసీబీ డీఎస్పీకి నేరుగా ఎట్లా ఫోను చేయగలిగాడు? 'స్నేహితుడి మామ' అని రాశావు. చూశావా? నీకు తెలియకుండానే సిఫార్సు చేయించావు.

అమాయక ప్రజలు అన్న మాట నీ కథలో నాలుగుసార్లుంది. నాలుగుసార్లూ కొట్టెయ్. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నికప్పుడు, మళ్లీ ఏడాదికి మునుగోడులో, డబ్బు కవర్లు తమ దాకా రాలేదని ఓటర్లు రోడ్డెక్కారు. ఓటుకు డబ్బు తీసుకోవడం చట్టంలో నేరమని వాళ్లకు తెలియక కాదు. పక్క వీధికి ఇచ్చి మాకు ఎగ్గొట్టారన్నదే వాళ్ల ఫిర్యాదు. పేపర్లు వాళ్లను ఎగతాళి చేశాయి. నాకు ఎగతాళి రాలేదు, దుఃఖం వచ్చింది. అయిదేళ్లలో ప్రభుత్వం తమ గడప దాకా నడిచొచ్చి చేతిలో ఏదైనా పెట్టేది ఆ ఒక్క రోజేనని వాళ్లు లెక్క కట్టుకున్నారు. ఆ లెక్క తప్పు. కానీ లెక్క ఉంది. దాన్ని రాయాలంటే వాళ్లింట్లో కూర్చోవాలి, గట్టు మీద నిలబడి అమాయకులు అంటే కుదరదు.

మరి కోపం ఎప్పుడూ రాదా అంటావు. వస్తుంది. ఒకసారి కళ్లారా చూశాను.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైంది మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ తర్వాత మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ పెట్టారు, పథకం లెక్కల్ని ఊరి జనం ముందే చదివి సరిచూడడం. దీని పుట్టుక రాజస్థాన్‌లో. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో జనాన్ని కూర్చోబెట్టి పంచాయతీ లెక్కలు బిగ్గరగా చదివారు. 'మన డబ్బు, మన లెక్క' అని వాళ్ల నినాదం. అక్కడ రాజుకున్నదే 2005లో సమాచార హక్కు చట్టమైంది. మా జిల్లాలో తనిఖీ బృందంలో నా పాత విద్యార్థిని ఒకతె పనిచేసేది. 2008 ఎండాకాలంలో ఒక ఊరికి నన్ను తీసుకెళ్లింది.

రచ్చబండ దగ్గర మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదువుతున్నారు. ఊళ్లో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు అక్కడే కూర్చున్నాడు. ఒకావిడ పేరు వచ్చింది. పన్నెండు రోజుల పని, రోజుకు 80 చొప్పున 960 రూపాయలు. ఆమె లేచి నిలబడింది. అంతకు గంట ముందు అదే మనిషి ఆ ఫీల్డ్ అసిస్టెంటును 'అన్నా, మంచినీళ్లు తాగుతావా' అని అడగడం నేను చూశాను. వాళ్ల చేలో కాసిన శనక్కాయలు ఏటా ఆయనింటికి పోతాయట, పని ఇస్తున్నాడని. 'నేనా వారాల్లో బెంగళూరులో ఇటుకలు మోస్తాంటి,' అంది. 'నా పేరు పెట్టుకోని తిన్నదెవరు?' ఆయన గొంతు తగ్గించి, తర్వాత మాట్లాడుకుందాం అక్కా అన్నాడు. 'ఈడనే మాట్లాడు,' అంది. ఆమె గొంతు వణికింది, కానీ కూర్చోలేదు.

ఆ ఒక్క క్షణంలో ఏం మారింది? అవినీతి చెడ్డదని ఎవరూ ఆమెకు ఉపన్యాసం ఇవ్వలేదు. 960 అన్న అంకె, పక్కన తన పేరు, అందరి ముందూ బిగ్గరగా వినబడ్డాయి. అంతవరకూ ఆయన ఇచ్చేవాడు, ఆమె పుచ్చుకునేది. ఆ అంకె వినబడ్డాక ఆయన ఆమెకు బాకీదారుడయ్యాడు.

సాయంత్రం ఏం జరిగిందో కూడా చెప్పాలి. విచారణ రాసుకునేటప్పుడు ఆవిడే వచ్చి, 'నా దుడ్డు నాకు కట్టిస్తే చాలు, ఉద్యోగం మాత్రం తీయొద్దు, ఆడపిల్లలున్నారు ఆయప్పకు' అని బతిమాలింది. నా విద్యార్థినికి చిరాకేసింది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పొద్దున నిలబడిందీ సాయంత్రం బతిమాలిందీ ఒకే మనిషి. ఆ రెండూ ఒకే కథలో ఉండాలి. ఒకటి తీసేస్తే అబద్ధం.

పత్రికలకు ఇది అక్కర్లేదు, నాకు తెలుసు. ఇప్పుడు మరీ అన్యాయం. కథల పోటీ ప్రకటనల్లోనే 'సమాజాన్ని మేల్కొలిపే ఇతివృత్తాలకు ప్రాధాన్యం' అని రాస్తున్నారు. దాంతో ప్రతివాడూ చివరి పేరాలో ఒక అవినీతిపరుణ్ణి పట్టుకుని కొడుతున్నాడు. చదివినవాడు తను ఆ రోజు పొద్దున ఆర్టీఏ ఏజెంటుకు ఇచ్చొచ్చిన డబ్బు మరిచిపోయి, వాడికి బాగా అయిందని పత్రిక మూసేస్తాడు. నా నలభై ఉత్తరాలూ అవే కదా. వాటిలో ఒక్కరైనా, నేనూ ఇచ్చానమ్మా, ఇచ్చి దండం పెట్టానమ్మా అని రాయలేదు. రాసి ఉంటే ఆ ఒక్క ఉత్తరం చాలునని ఇప్పటికీ అనుకుంటాను.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట డాక్యుమెంటు రైటర్ల దుకాణాల ముందు రెండు రోజులు కూర్చో. ఎవరితోనూ మాట్లాడకు, విను. డబ్బు అడిగేటప్పుడు ఎవరూ లంచం అనరు. 'లోపల ఖర్చులుంటాయి' అంటారు. 'సార్‌కి చెప్పాలి కదా' అంటారు. ఇచ్చేవాడు లెక్కపెట్టి ఇస్తాడా, మడత పెట్టి ఇస్తాడా, తల ఎటు తిప్పుకుంటాడు, బయటికొచ్చాక ముందు ఎవరికి ఫోను చేస్తాడు, టీ తాగుతాడా లేదా, అది చూడు. పని అయిపోయినవాడి మొహంలో ఉండే తేలిక నీకు భయం పుట్టిస్తుంది. నన్ను ఇన్నేళ్లు భయపెట్టింది అదే.

మాండలికం గురించీ, సంపుటి వేయడం గురించీ ఏవో అడిగావు. ఈ కథ తేలాక చూద్దాం.

కొట్టేసిన నా చివరి పేజీ, చేతిరాత ప్రతి, ఇంకా నా దగ్గర ఉంది. కాగితం పసుపు పచ్చబడిపోయింది. జిరాక్సు తీయించి ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. మూడో పంక్తిలో మరక మా అమ్మది, నేను చదువుతుంటే పక్కన వక్కాకు నములుతూ కూర్చుంది. సంక్రాంతి లోపల నీ మూడో పేజీ ఒక్కటే తిరగరాసి పంపు. ఏసీబీ జీపు వద్దు. ఆ బల్ల ముందు ఆమె ఎంతసేపు నిలబడిందో, ఆయన ఆ డబ్బు ఏ చేత్తో అందుకున్నాడో, ఇంటికెళ్లే బస్సులో ఆమె కొడుకుతో ఏమందో, అంతవరకూ రాయి.

ఆశీస్సులతో,
నీ అమ్మలాంటి
ఒక పాత రచయిత్రి